కరెంటు, నీళ్ళు అద్దెలోనే!

మబేలాలో ఇల్లు వెతుక్కునేవారికి తరచు వినబడే మాట ఇది. కొత్తగా వచ్చిన మిత్రులు ఈ మాట చెప్పి, మంచి బేరం కుదిరిందని మురిసిపోతూ ఉంటారు. ఒకప్పుడు మేమూ అలా మురిసిపోయినవాళ్ళమే. అందుకే ఈ నాలుగు మాటలు.

సీబ్ విలాయతులోని ఈ పేటలో విడి ఫ్లాట్లతోపాటు, వాటాలుగా చేసి అద్దెకిచ్చే విల్లాలూ ఉన్నాయి. అలాంటి చోట నాలుగు వాటాలకీ మీటరు ఒకటే అయితే, ఎవరెంత వాడారో తేలదు. అందుకని ఇంటివారు ఒక అంచనా వేసి అద్దెలో కలిపేస్తారు. అంటే కరెంటు ఊరికే రావడం లేదు, ముందే కట్టేస్తున్నామన్నమాట.

లెక్క చూడండి. ఒకటిన్నర టన్నుల ఏసీ గట్టిగా పనిచేస్తే గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్లు కాలుతుంది. రోజుకు పది గంటల చొప్పున నెలకు 450 యూనిట్లు. మే నుంచి సెప్టెంబరు దాకా ఇది తప్పదు. జనవరిలో ఏసీ అవసరమే ఉండదు. పైగా ఎండలు మండే రోజుల్లోనే పిల్లలకు సెలవులిస్తారు, మనం విజయవాడకో వరంగల్లుకో వెళ్తాం. తాళం వేసిన ఇంటికీ అదే అద్దె! ఉదాహరణకు విడిగా 150 రియాలు, అన్నీ కలిపితే 180 అనుకుందాం. ఏడాదికి తేడా 360. పాత బిల్లులు చూపించమని అడిగి, దీనితో పోల్చి చూసుకోవాలి.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఒక జూలై మధ్యాహ్నం మా ఇంట్లో కరెంటు పోయింది. విచారిస్తే, ఇంటివారు బిల్లు కట్టలేదట. చంటిపిల్ల ఏడుస్తోంది, ఫ్రిజ్‌లో పాలు విరిగిపోతున్నాయి. అద్దె రసీదు నా చేతిలోనే ఉంది, కానీ మీటరు మా పేరున లేదు. "ఏమండీ, ఆ రసీదు విసనకర్రగానైనా పనికొస్తుందేమో చూడండి" అంది మా ఆవిడ. ఆ రాత్రి మిత్రుల ఇంట్లో తలదాచుకున్నాం.

కనుక సంతకం చేసేముందు మూడు సంగతులు రాతలో ఉండేట్టు చూసుకోండి. అద్దెలో ఏమేమి కలిశాయి, యూనిట్లకు హద్దు ఉందా? ధర పెరిగితే భారం ఎవరిది? (2021 నుంచి ఒమాన్‌లో కరెంటు రాయితీలు మారుతూ వచ్చాయి.) బిల్లు కట్టక సరఫరా ఆగితే బాధ్యత ఎవరిది? 1989 నాటి 6/89 రాజశాసనం ఇంటివారికీ అద్దెకున్నవారికీ మధ్య సంబంధాలను నిర్ణయిస్తుంది. ఒప్పందాన్ని మస్కట్ మునిసిపాలిటీలో నమోదు చేయించడం మరవకండి. నోటిమాట అక్కడ చెల్లదు.

ఒంటరిగా ఉండేవారికీ, కొద్ది నెలలకోసం వచ్చినవారికీ ఈ పద్ధతి హాయే. సంసారులు మాత్రం గదులు లెక్కపెట్టే ముందు మీటర్లు లెక్కపెట్టండి!