బువ్వకు వెల కట్టేదెవరు?

వండే ఆయమ్మకు ధర మీద మాట లేదు. ధర కట్టేవాళ్లకు పొయ్యి దగ్గర పని లేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో పసిపిల్లల పళ్లెం ఈ రెంటి మధ్యే ఉంది.

మహబూబాబాద్ వైపు మిరప ఏరే రోజులు వచ్చాయంటే తండాలు తెల్లవారకముందే ఖాళీ అవుతాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చేరే ఎర్ర బస్తాల వెనుక ఆడవాళ్ల చేతులే ఎక్కువ. వాళ్లలో పసిబిడ్డల తల్లులూ ఉంటారు. మిరప చేనులోకి బిడ్డను చంకనేసుకుని పోతే ఆ ఘాటుకు కళ్లు మండుతాయి. అందుకని మూడేళ్లు నిండినవాళ్లు అంగన్‌వాడీకి పోతారు. అంతకన్నా చిన్నవాళ్లు అమ్మమ్మ దగ్గరో, పక్కింటి పెద్దమ్మ దగ్గరో ఉంటారు. సాయంత్రం తల్లి వచ్చేదాకా వాళ్ల కడుపు సంగతి ఎవరో ఒకరు చూడాలి, దానికయ్యే ఖర్చు ఎవరో ఒకరు లెక్కగట్టాలి.

ఆ లెక్క ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. అంగన్‌వాడీలో 6 నెలల నుంచి 6 ఏళ్ల లోపు పిల్లలకు కేంద్రం ఖరారు చేసిన పోషకాహార ఖర్చు రోజుకు 8 రూపాయలు. తీవ్ర లోపపోషణ ఉన్న పిల్లలకు 12, గర్భిణులకు, బాలింతలకు 9 రూపాయల 50 పైసలు. ఇవి 2017లో నిర్ణయించిన ధరలు. ఇందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. అంతకుమించి పెట్టాలంటే రాష్ట్రం తన జేబులోంచి పెట్టుకోవాలి. ఆహార భద్రతా చట్టం ప్రకారం ఏడాదికి 300 రోజులు పెట్టాలి. అంటే ఒక బిడ్డకు ఏడాదంతా కలిపి 2,400 రూపాయలు, అందులో కేంద్రం వాటా 1,200. ఈ సొమ్ముతో బిడ్డకు రోజుకు 500 కిలో కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది 2013లో ఆ చట్టంలో రాసుకున్న మాట.

ఈమధ్య చలికాలాల్లో ఒక్క కోడిగుడ్డే 6 రూపాయలు దాటింది. గుడ్డు పోను మిగిలినదానిలో పప్పు, నూనె, కూరగాయలు, పోపు దినుసులు అన్నీ రావాలి. తెలంగాణలో గుడ్డు, పాలు నడుస్తున్నాయంటే కేంద్రం లెక్క మీద రాష్ట్రం అదనంగా వేస్తున్నందువల్లే. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మిలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీ కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. ఈ పని మెచ్చుకోదగ్గది. దేశంలో చాలా రాష్ట్రాలు ఇంత చేయలేదు.

ఇబ్బంది కూరగాయల దగ్గర వస్తుంది. బియ్యం, పప్పు, నూనె, గుడ్లు ఇండెంట్ మీద వస్తాయి. కూరగాయలు, పోపు సామాను మాత్రం టీచరే కొనుక్కొచ్చి తర్వాత బిల్లు పెట్టుకోవాలి. జనగామ పట్టణంలో అంగడికి నాలుగడుగులు వేస్తే చాలు. భూపాలపల్లి జిల్లాలో మహదేవపూర్, పలిమెల వైపు గోదావరి ఒడ్డు పల్లెలకు కూరగాయలు దిగుమతి సరుకే. ఆటో కిరాయి కలిపితే టమాటా ధర మారిపోతుంది. కాగితం మీద మాత్రం రెండుచోట్లా ఒకటే ధర. ఆ తేడాను టీచరే భరిస్తుంది. బిల్లు ఆలస్యమైతే కిరాణా కొట్టులో ఉద్దెర ఖాతా ఆమె పేరు మీదే నడుస్తుంది. తెలంగాణలో అంగన్‌వాడీ టీచర్ గౌరవ వేతనం 2021 పెంపుతో 13,650 రూపాయలు అయింది, ఆయాకు 7,800. ఉద్దెర తీర్చాల్సింది ఈ డబ్బులోంచే. పిల్లల బువ్వ ధరలో ఏ జీవోలోనూ కనిపించని భాగం ఇది. నా దృష్టిలో ఈ కథనానికి అసలు విషయం కూడా ఇదే.

ఈ 8 రూపాయలు రావడానికి కూడా పెద్ద కొట్లాటే జరిగింది. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అయినా 2004 దాకా బిడ్డ మీద లెక్క రోజుకు ఒక్క రూపాయే. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 అక్టోబరు 7న దాన్ని రెండు రూపాయలు చేయమంది. అంగన్‌వాడీ ఆహారంలోకి కాంట్రాక్టర్లను రానివ్వవద్దని కూడా అదే ఉత్తర్వులో చెప్పింది. ఆ కేసులో కోర్టు నియమించిన కమిషనర్లలో ఒకరు ఎస్.ఆర్. శంకరన్. వెట్టిచాకిరీ నిర్మూలన కోసం ఈ గడ్డ మీద పనిచేసిన ఐఏఎస్ అధికారిగా మనవాళ్లకు ఆయన బాగా తెలుసు. తర్వాత ఆ లెక్క 4 అయింది, 2012లో 6 అయింది, 2017లో 8 అయింది. అక్కడే ఆగింది.

ఆగకూడదని చట్టం చేసేవాళ్లకూ తెలుసు. 2017 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ ధరలను ఆమోదించినప్పుడు వాటిని ఆహార ధరల సూచీకి ముడిపెట్టి పెంచుకునే వీలు కూడా ఇచ్చింది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆర్థిక శాఖతో మాట్లాడుకుంటే సరిపోతుంది, మళ్లీ మంత్రివర్గం దాకా రానక్కర్లేదు. 2025 బడ్జెట్ ప్రసంగంలో ఈ ధరలను తగినట్టు పెంచుతామని ఆర్థిక మంత్రి ప్రకటించారు. ఎనిమిదేళ్ల కింద చేతికిచ్చిన వీలును వాడుకోకుండా మళ్లీ బడ్జెట్ ప్రకటన దాకా రావడం నాకు మింగుడుపడదు.

అదే ఊళ్లో, కొన్నిచోట్ల అదే ఆవరణలో ఉండే ప్రాథమిక పాఠశాల లెక్క వేరు. అక్కడ మధ్యాహ్న భోజనం కింద పప్పు, కూరగాయలు, నూనె, దినుసులు, వంటచెరకు ఖర్చు 2017లో పిల్లాడికి రోజుకు 4 రూపాయల 13 పైసలు. పలుమార్లు సవరించాక 2024 డిసెంబరులో 6.19 అయింది, 2025 మే నుంచి 6.78. ధరలు పెరిగినట్టు తేల్చడానికి లేబర్ బ్యూరో లెక్కగట్టే గ్రామీణ కూలీల ధరల సూచీని చూస్తారు. పిల్లాడికి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని బుట్ట ముందే ఖాయంగా ఉంటుంది, మారేది ధరే. బియ్యం ఖర్చు ఇందులో కలపరు కాబట్టి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఎక్కువ తక్కువలు చెప్పకూడదు. పెరిగిన తీరును మాత్రం పోల్చవచ్చు. బడి లెక్క 64 శాతం పెరిగింది. అంగన్‌వాడీ 8 రూపాయలూ అలాగే పెరిగి ఉంటే ఇప్పుడు 13 దాటేది. ఆరేళ్లు నిండి బడి గడప ఎక్కిన పిల్లాడికి ధరలు పెరిగాయని ఒప్పుకుని, వాడి నాలుగేళ్ల చెల్లెలికి పెరగలేదనడం ఏ న్యాయం? బడి వంట మహిళలకూ ఉద్దెర బాధ తప్పలేదు, కానీ ధర సవరించే పద్ధతి ఒకటి వాళ్లకు ఉంది.

అంగన్‌వాడీ మధ్యాహ్నం దాటాక మూతపడుతుంది, కూలికి పోయిన తల్లి పొద్దుగూకితేగానీ రాదు. నడుమ ఉన్న గంటలు పక్కింటి పెద్దమ్మవి. ఊళ్లలో ఈ లెక్క నోటిమాట మీద నడుస్తుంది. తల్లి పొద్దున్నే డబ్బాలో అన్నం పెట్టి పోతే చూసుకున్నందుకు మాత్రమే ఎంతో కొంత ఇస్తారు. పెద్దమ్మే పెడితే బియ్యమో, పప్పో, పండుగకు చీరో ముడతాయి. జనగామ, భూపాలపల్లి లాంటి పట్టణాల్లో ఉద్యోగాలకు పోయే తల్లులకు మరో లెక్క. బేబీ కేర్‌లో నెల ఫీజు మాట్లాడుకునేటప్పుడే డబ్బా ఇంటి నుంచా, అక్కడి తిండేనా అని తేల్చుకోవాలి. అక్కడి తిండే అయితే పాలెన్ని, గుడ్డుందా, సెలవు రోజుల డబ్బు తగ్గిస్తారా అని అడిగి రాయించుకోవడం మంచిది. ఇవి ముందే మాట్లాడుకోనిచోట రెండో నెలలోనే మాటలు పెరుగుతాయి.

కేంద్రం నడిపిన జాతీయ క్రెష్ పథకంలో ఫీజు తల్లిదండ్రుల రాబడిని బట్టి ఉండేది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు నెలకు 20 రూపాయలు, ఇద్దరి ఆదాయం 12,000 లోపైతే 100, మించితే 200. తిండి అందులోనే. పేదతల్లి ఇచ్చిన 20కీ, ఉద్యోగిని ఇచ్చిన 200కీ పళ్లెంలో వడ్డన ఒకటే. ఇది సబబైన పద్ధతి. 2022లో దీన్ని పాల్నాగా మార్చారు. కానీ మిరప చేల దాకా అలాంటి కేంద్రాలు రావాల్సే ఉంది. ఉపాధి హామీ చట్టం పనిచోట ఐదేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకుమించి ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒకామెను పెట్టి కూలి ఇవ్వమంది. చూసుకునే మనిషికి కూలి రాశారు, చూసుకునే పిల్లలకు గుక్కెడు పాలు రాయలేదు. తల్లి తెచ్చిన సద్దే పిల్లలకూ దిక్కు.

ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ మన తెలుగు దంపతులను అడిగితే ఇంకో పద్ధతి చెబుతారు. అక్కడ ఇంట్లోనే పిల్లలను చూసుకునే చైల్డ్‌మైండర్లు ప్రభుత్వం దగ్గర నమోదై ఉంటారు. పిల్లలను చూసుకునే గంటలకు ప్రభుత్వం డబ్బిస్తుంది, భోజనానికి కాదు. భోజనం ధర చైల్డ్‌మైండరే నిర్ణయించి తీసుకోవచ్చు, కాకపోతే బిల్లులో విడిగా చూపాలి. ఆ ధర కడితేనే సీటు అని పట్టుబట్టకూడదు, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటామంటే వినాలి. మన పల్లెల్లో భోజనం ఉచితంగానే ఉండాలి, అందులో నాకు రెండో ఆలోచన లేదు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒక్కటుంది: వండే మనిషి తనకెంత ఖర్చయిందో చెప్పగలదు, చెప్పింది లెక్కలోకి వస్తుంది.

మనకూ అలా ఖర్చు చెప్పుకునే వేదిక కాగితం మీద ఉంది. ప్రతి కేంద్రానికీ ఊరివాళ్లతో అంగన్‌వాడీ స్థాయి పర్యవేక్షణ, సహాయక కమిటీ ఉంటుంది. ఆ కమిటీ నెలకోసారి అంగడి ధర రాసి పై అధికారులకు పంపవచ్చు. కూరగాయల డబ్బు నెల మొదట్లోనే టీచర్ ఖాతాలో వేయమని జిల్లా కలెక్టర్లను అడగవచ్చు. మారుమూల పల్లెలకు రవాణా ఖర్చు కలపమనవచ్చు. కేంద్రం చేయాల్సింది కూడా కొత్తదేమీ కాదు, 2017లో తానే ఒప్పుకున్నట్టు ఈ 8 రూపాయలను ధరల సూచీకి కట్టడమే. ఈసారి మీ ఊరి అంగన్‌వాడీకి వెళ్లినప్పుడు గోడ మీది మెనూ చదివి ఊరుకోకండి. ఈ నెల కూరగాయలకు టీచర్ చేతినుంచి ఎంత పడిందో, కొట్టులో ఉద్దెర ఎంతుందో అడగండి. ఆ అంకెను గ్రామసభలో చదివి, తీర్మానం రాయించండి.