ముక్కుపుడక.. నగ చిన్నది, లెక్క పెద్దది

పెళ్లికూతురి నాసికాభరణం ఎంపికలో తెలుసుకోవలసిన విషయాలు

శ్రీకాకుళం, విజయనగరం: పెళ్లి నిశ్చయమైన ఇంట హారం, వడ్డాణం, గాజుల గురించి నెలల ముందు నుంచే చర్చలు సాగుతాయి. ముక్కుపుడక మాత్రం చాలా ఇళ్లలో చివరి రోజుల్లో, మిగిలిన సొమ్ముతో కొనే నగగా మారింది. నిజానికి పెళ్లి ముగిశాక హారం, వడ్డాణం బ్యాంకు లాకరుకు చేరతాయి. ముక్కుపుడక ఒక్కటే రాత్రింబవళ్లు ఒంటిపై ఉండిపోతుంది. శరీరాన్ని కుట్టి ధరించే నగ కావడంతో ఎంపికలో పొరపాటు జరిగితే సొమ్ముతో పాటు ఆరోగ్యానికీ నష్టమే. పైగా బంగారం కొనుగోలుదారుకు చట్టం కల్పించిన రక్షణ తక్కువగా అందేది కూడా ఇంత చిన్న నగలకే కావడం గమనార్హం.

పేర్లెన్నో.. తీరులెన్నో

ముక్కుకు పెట్టుకునే నగలకు తెలుగులో పేర్ల కొరత లేదు. ఒంటిరాయితోనో, చిన్న పువ్వు ఆకారంలోనో ఉండేది ముక్కుపుడక. ఏడు, ఎనిమిది రాళ్లను గుండ్రంగా పొదిగితే బేసరి. ముక్కు పక్కన కమ్మీలా వంగి ఉండేది నత్తు. రెండు నాసికారంధ్రాల నడుమ గోడకు కుట్టి, పెదవి మీదుగా ముత్యమో, బంగారు చుక్కో వేలాడేలా ధరించేది బులాకి. ముక్కర, ముంగర, అడ్డబాస వంటి మాటలు నిఘంటువుల్లోనూ, జానపదుల పాటల్లోనూ నిలిచి ఉన్నాయి.

ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవయసు స్త్రీలు ముక్కుకు రెండువైపులా పోగులు, నడుమ బులాకి ధరించి కనిపించడం నేటికీ పరిపాటి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని గిరిజన గ్రామాల్లోనూ పెద్దతరం స్త్రీలలో ఈ అలవాటు కనిపిస్తుంది. ఇచ్ఛాపురం, పలాస వైపు ఒడియా కుటుంబాలతో వియ్యాలు, వ్యాపార సంబంధాలు ఉన్నచోట ఆ తీరు నగలు కూడా ఇళ్లకు చేరాయి. ఒకే నగకు ఒక్కో ఊరిలో ఒక్కో పేరు ఉండటం వల్ల దుకాణంలో పేరు చెప్పి అడగడం కంటే పాత నగనో, ఫొటోనో చూపి అడగడం మేలు.

ప్రాచీన శిల్పాల్లో కానరాదు

ముక్కుపుడక అనాదిగా వస్తున్న ఆభరణమనే నమ్మకం బలంగా ఉంది. అయితే అమరావతి బౌద్ధ శిల్పాల్లో స్త్రీమూర్తులకు బరువైన కర్ణాభరణాలు, హారాలు, కడియాలు, మేఖలలు ఉన్నాయి తప్ప ముక్కుకు నగ లేదు. మన దేశంలో నాసికాభరణం సుమారు వెయ్యేళ్లుగా మాత్రమే వాడుకలో ఉన్నదని చరిత్రకారులలో ఎక్కువమంది అభిప్రాయం. నత్తు, బులాకి అనే పేర్లు కూడా ఉత్తరాది భాషల మీదుగా తెలుగులోకి వచ్చినవే.

ఆలస్యంగా వచ్చినా ఈ నగ తెలుగువారి భక్తిలోనూ, ఊహలోనూ స్థిరపడింది. కృష్ణమ్మ పొంగి బెజవాడ కనకదుర్గమ్మ ముక్కుపుడకను తాకితే కలియుగం అంతమవుతుందనే మాటను బ్రహ్మంగారి కాలజ్ఞానంగా జనం చెప్పుకుంటారు. అమ్మవారికి ముక్కుపుడక చేయిస్తామని మొక్కుకోవడం సామాన్యుల నుంచి పాలకుల వరకు ఉంది. 2017 సెప్టెంబరులో నాటి తెలంగాణ ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు దుర్గమ్మకు ముక్కుపుడక సమర్పించి మొక్కు తీర్చుకున్నారు. కర్ణాటక సంగీత విదుషీమణి ఎం.ఎస్.సుబ్బులక్ష్మి రెండువైపులా ధరించిన రవ్వల ముక్కుపుడకలు దక్షిణాది అంతటా ఎందరికో ఆదర్శమయ్యాయి.

కుడివైపా.. ఎడమవైపా

పెళ్లిళ్లలో తరచూ వివాదానికి దారితీసేది ఈ ప్రశ్నే. ఉత్తర భారతంలో ఎడమవైపు, దక్షిణాదిలో కుడివైపు ధరించడం ఎక్కువ. తెలుగు ఇళ్లలో మాత్రం ఇంటి ఆనవాయితీదే తుది మాట. పుట్టింటివారిది ఒకవైపు, అత్తింటివారిది మరోవైపు అయిన సందర్భాల్లో వధువుకు రెండోసారి ముక్కు కుట్టించే ప్రయత్నాలు జరుగుతుంటాయి. ఈ విషయాన్ని నిశ్చితార్థం నాడే మాట్లాడుకుంటే సరిపోతుంది.

మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మంగళసూత్రం, మట్టెలు, పసుపు, కుంకుమ, గాజుల వలె ముక్కుపుడక తెలుగు వివాహంలో తప్పనిసరి కాదు. అది అలంకారం, ఇంటి ఆనవాయితీ. ముక్కు కుట్టించుకోవడం ఇష్టం లేని వధువును బలవంతపెట్టవలసిన శాస్త్రం ఏదీ లేదు. అటువంటివారికి కుట్టకుండానే నొక్కి పెట్టుకునే రకాలు ఉన్నాయి.

రెండు గ్రాముల మెలిక

బంగారు నగలపై హాల్‌మార్క్ విధానాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) 2000లో ఐచ్ఛికంగా ప్రారంభించింది. 2021 జూన్ నుంచి జిల్లాల వారీగా, దశలవారీగా దీన్ని తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య ఉన్న హాల్‌మార్క్ నగలనే అమ్మాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. నగపై బీఐఎస్ ముద్ర, స్వచ్ఛత, ఈ సంఖ్య.. మూడూ ఉండాలి. 22 క్యారెట్లకు 916, 18 క్యారెట్లకు 750 అని స్వచ్ఛతను సూచిస్తారు. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో నమోదు చేస్తే నగ వివరాలు తెలుస్తాయి.

అయితే 2 గ్రాముల కంటే తక్కువ బరువున్న నగలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. మార్కెట్లో దొరికే ముక్కుపుడకల్లో అధికభాగం ఈ పరిమితి లోపలివే. అంటే హారం కొనేటప్పుడు లభించే ప్రభుత్వ ముద్ర హామీ ముక్కుపుడక కొనేటప్పుడు లేనట్టే. హాల్‌మార్క్ నగలో స్వచ్ఛత తగ్గినట్టు తేలితే, ఆ తగ్గుదల విలువకు రెండింతల పరిహారం, పరీక్ష రుసుము పొందే హక్కును బీఐఎస్ 2018 నిబంధనలు కల్పించాయి. ముద్ర లేని నగకు ఈ దారి ఉండదు. అప్పుడు కొనుగోలుదారుకు మిగిలే ఏకైక ఆధారం బిల్లు.

బిల్లుపై ఎన్ని క్యారెట్లన్నది స్పష్టంగా రాయించుకోవాలి. ఉదాహరణకు 1.5 గ్రాముల నగలో 22 క్యారెట్లయితే సుమారు 1.37 గ్రాముల మేలిమి బంగారం ఉంటుంది. 18 క్యారెట్లయితే 1.125 గ్రాములే. అంత చిన్న నగలోనూ తేడా దాదాపు పావు గ్రాము. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నగ తల 22 క్యారెట్లలో ఉండి, కాడ, మర అంతకంటే తక్కువ స్వచ్ఛతతో ఉండే అవకాశం కూడా ఉంది. చిన్న నగల్లో అతుకు లోహం పాలు ఎక్కువగా ఉండటం మరో కారణం. అందుకే గీటురాయితోనో, క్యారెట్ మీటరుతోనో పరీక్షించేటప్పుడు తల, కాడ రెండింటినీ చూపమని అడగాలి.

18 క్యారెట్లు అన్నంత మాత్రాన మోసమని భావించనక్కరలేదు. మేలిమి పెరిగేకొద్దీ బంగారం మెత్తబడుతుంది. మర తిప్పే కాడకు, రవ్వలను పట్టి ఉంచే గోళ్లకు 18 క్యారెట్ల గట్టిదనం ఉపయోగకరమే. 18 క్యారెట్ల నగకు 22 క్యారెట్ల ధర కట్టడమే నష్టం.

రాయి బరువు.. బంగారం బరువు

రాళ్లు పొదిగిన నగను తూచేటప్పుడు రాళ్ల బరువు మినహాయించి బంగారానికి మాత్రమే ధర కట్టాలి. మొత్తం 1.5 గ్రాముల బేసరిలో రాళ్లే 0.3 గ్రాములు ఉంటే అసలు బంగారం 1.2 గ్రాములు. మొత్తం బరువుకు బంగారం ధర చెల్లిస్తే నాలుగో వంతు అదనంగా ఇచ్చినట్టవుతుంది.

వజ్రాల లెక్క వేరు. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. క్యారెట్‌లో నూరో వంతును సెంటు అంటారు. 3 సెంట్ల రవ్వలు ఏడు పొదిగితే మొత్తం 21 సెంట్లు. బరువు 0.042 గ్రాములే అయినా నగ ధరలో ఎక్కువ భాగం వాటిదే కావచ్చు. కనుక రవ్వల సంఖ్య, మొత్తం సెంట్లు, రంగు, స్వచ్ఛత బిల్లుపై ఉండాలి. గని నుంచి తీసిన వజ్రమా, ప్రయోగశాలలో తయారైనదా అన్నదీ రాయించుకోవాలి. రెండూ వజ్రాలే అయినా ధరలో ఎంతో వ్యత్యాసం ఉంది. మాయిసనైట్ అనే రాయిని కొన్ని పరీక్ష పరికరాలు కూడా వజ్రంగానే చూపుతాయి. ఇక నోటి ఆవిరి పట్టి చూసే పద్ధతిని నమ్ముకోవడం శ్రేయస్కరం కాదు.

మజూరీ, తరుగు విషయంలోనూ జాగ్రత్త అవసరం. చిన్న నగకు పనితనం ఎక్కువ కావడంతో వీటి శాతం పెద్ద నగల కంటే అధికంగా ఉంటుంది. తిరిగి అమ్మేటప్పుడు ఈ సొమ్ము రాదు. ధరపై 3 శాతం జీఎస్టీ అదనం. బిల్లు వద్దంటే ఆ పన్ను తప్పుతుందని కొందరు ఆశ చూపుతారు. పన్ను మిగిల్చుకోబోయి ఉన్న ఒక్క ఆధారాన్నీ వదులుకోవడం తెలివైన పని కాదు. నాణ్యతలో తేడా వస్తే 1915 జాతీయ వినియోగదారుల సహాయ నంబరును, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. రూ.5 లక్షల లోపు విలువైన కొనుగోళ్లకు కమిషన్‌లో ఫిర్యాదు రుసుము లేదు.

కుట్టించేది ఎప్పుడు

ముక్కు పక్కభాగం కుట్టిన గాయం పూర్తిగా మానడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ సమయం అవసరం. పెళ్లికి వారం ముందు కుట్టించి, పచ్చిగాయంపై బరువైన నత్తు పెట్టి, నలుగు పిండి తగిలించడం వల్లనే వాపు, చీము వంటి ఇబ్బందులు తలెత్తుతాయి. కనీసం నాలుగు నెలల ముందే కుట్టించి, మొదట తేలికైన తీగనో, సన్నని పుడకనో ఉంచడం మంచిది.

కుట్టే సూది కొత్తదై ఉండాలి. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్ బి, సి వంటి వ్యాధులు సోకే ప్రమాదం ఉంది. చెవులు కుట్టే గన్‌తో ముక్కు కుట్టించుకోవడం వల్ల కణజాలం నలిగిపోతుంది. ధనుర్వాతం టీకా తీసుకున్నదీ లేనిదీ చూసుకోవాలి. మధుమేహం ఉన్నవారు, గాయం మానిన చోట మచ్చ కండలా పెరిగే స్వభావం ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. గాయాన్ని శుభ్రమైన ఉప్పునీటితో రోజూ కడిగితే చాలు. మానేవరకు నగను పదేపదే తిప్పరాదు.

ముక్కు చుట్టూ దురద, ఎరుపు కనిపిస్తే నికెల్ లోహం పడకపోవడం కారణం కావచ్చు. తక్కువ రకం బంగారంలోనూ, పూత నగల్లోనూ ఈ లోహం ఉండే అవకాశం ఉంది. తీరప్రాంతపు ఉక్కపోతలో చెమటకు పూత త్వరగా పోతుంది. అందువల్ల మచిలీపట్నం చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు, వన్‌గ్రామ్ గోల్డ్ నగలు పెళ్లినాటి అలంకారానికి సరిపోయినా, కొత్తగా కుట్టిన ముక్కుకు వాటిని వాడకపోవడమే మంచిది.

పెళ్లిపీటలపై

పెళ్లినాడు తలంబ్రాలు, పూలదండలు, బాసికం దారాలు, మేలిముసుగు.. వీటన్నిటికీ తగులుకునేది నత్తే. బరువైన నత్తుకు జుట్టులోకి తగిలించే సన్నని గొలుసు ఉంటే బరువు ముక్కుపై పడదు. బులాకి పొడవు పెదవి దాటకుండా చూసుకుంటే భోజనానికి అడ్డు రాదు. కొన్న రోజే రెండు గంటలైనా ధరించి, మాట్లాడి, నీళ్లు తాగి చూడటం ఉత్తమం.

నిత్యం ధరించే పుడకకు మర గట్టిగా ఉన్నదీ లేనిదీ తరచూ సరిచూడాలి. మర ఊడి శ్వాసతో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరిన ఘటనలను వైద్యులు నమోదు చేశారు. మర కనిపించకుండాపోయి, ఆగని దగ్గు మొదలైతే జాప్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. శస్త్రచికిత్సకు ముందు తీసివేయవలసి వస్తుంది కనుక మర సులువుగా విప్పుకునేలా ఉండటమూ ముఖ్యమే. వెనుకవైపు మూసి పొదిగిన రాళ్ల నగలోకి నీరు, పసుపు చేరితే మెరుపు తగ్గుతుంది. ముత్యానికి అత్తరు, చెమట పడవు. స్నానం తర్వాత మెత్తని గుడ్డతో తుడవాలి.

అమ్మమ్మ నత్తు కరిగించే ముందు

బంగారం ధర పెరిగేకొద్దీ పాత నత్తులు, బులాకీలు మార్పిడి పేరిట మూసలోకి చేరుతున్నాయి. పాత నగ విలువ బంగారం బరువుకే కడతారు. పనితనానికి, పాతదనానికి వెల ఉండదు. తీరా కొత్తది చేయించాలంటే మజూరీ, తరుగు మళ్లీ చెల్లించాలి. దానికి బదులు అరిగిన కాడ మార్పించి, మర కొత్తగా వేయించి, రాళ్లు తిరిగి పొదిగిస్తే కొద్ది ఖర్చుతో ఇంటి నగే పెళ్లికి సిద్ధమవుతుంది. చేయి తిరిగిన స్వర్ణకారులు జిల్లా పట్టణాల్లో నేటికీ ఉన్నారు. ఈ పని వారికి ఉపాధి కూడా.

మార్చక తప్పని పక్షంలో ముందు నగను నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి ఉంచుకోవాలి. రాళ్లు, ముత్యాలు వేరుచేయించి లెక్కపెట్టి వెనక్కి తీసుకోవాలి. మిగిలిన బంగారాన్ని ఎదుటే తూయించి, ఎదుటే పరీక్ష చేయించాలి. కరిగించాక అభ్యంతరం చెప్పినా ప్రయోజనం ఉండదు.

కొనే ముందు..

* నిశ్చితార్థం నాడే ఏ వైపు, ఏ రకం అన్నది వధువు ఇష్టంతో నిర్ణయించుకోవాలి.
* ముక్కు చిన్నదైతే ఒంటిరాయి, వెడల్పయితే బేసరి నప్పుతాయి. అద్దంలో చూసుకున్నాకే ఖరారు చేయాలి.
* రంధ్రం సన్నగా ఉంటే మందపు కాడను బలవంతంగా దూర్చరాదు.
* బరువు 2 గ్రాములు, అంతకు మించితే హాల్‌మార్క్ అడగాలి. తక్కువైతే క్యారెట్లు, నికర బరువు, రాళ్ల వివరం, మజూరీ, తరుగు విడివిడిగా రాసిన బిల్లు తీసుకోవాలి.
* తిరిగి ఇచ్చేటప్పుడు ఎంత తగ్గిస్తారో ముందే రాయించుకోవాలి.