హంపిలో రాయలవారి భవనం ఏది?

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి బడుల నుంచి హంపి యాత్రకు వెళ్లిన పిల్లలు "రాయలవారి భవనం ఏది?" అని అడిగితే, మనం చూపించగలిగేది నేలనే. సభామండపంలో రాతి అరుగు, వంద స్తంభాల ఆనవాళ్లు, పైఅంతస్తుకు వెళ్లే మెట్లు మిగిలాయి. స్తంభాలు కొయ్యవి కాబట్టి నిలవలేదు.

గోడలూ స్తంభాలూ ఏనుగుదంతంతో చేసిన గదిని ఈ రాజభవనంలో చూశానని 1520 ప్రాంతంలో పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాశాడు. 1565 యుద్ధంలో ఓడాక నగరం దోపిడీకి, మంటలకు బలైంది. రాజధాని మన బాగేపల్లికి దగ్గరున్న పెనుకొండకు మారింది.

కన్నడ నేలపై కొలువుదీరిన కృష్ణదేవరాయలు తెలుగులో రాసిన ఆముక్తమాల్యద మాత్రం నేటికీ మన చేతుల్లో ఉంది. తరతరాలుగా చదివేవాళ్లు ఉండబట్టే అది నిలిచింది. ఈసారి యాత్రకు ముందు అందులోంచి రెండు పద్యాలు బడిలో చదివిద్దాం. ఆ అరుగు దగ్గర పిల్లల చేతనే చెప్పిద్దాం.