మెరుపు బొమ్మకు అందం, ఫొటోకు చేటు
ఏటికొప్పాక లక్కబొమ్మలను దగ్గరగా ఫొటో తీసే తీరు

యలమంచిలి: అరచేతిలో ఇమిడే లక్కపిడతలో ఎంత పనితనం ఉన్నదో చేతిలోకి తీసుకుని చూస్తేనే తెలుస్తుంది. అయితే ఇప్పుడు కొనేవారిలో చాలామంది ఎక్కడో దూరాన ఉండి, సెల్‌ఫోనులో ఫొటో చూసి బేరం చేస్తున్నారు. దీనితో అనకాపల్లి జిల్లా యలమంచిలి మండలం ఏటికొప్పాక వంటి గ్రామాలలో బొమ్మ చేయడంతోపాటు దానిని ఫొటో తీయడం కూడా నేర్వవలసిన పనే అయింది.

వరాహ నది ఒడ్డున ఉన్న ఈ గ్రామం బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగుల వాడకానికి కృషి చేసిన సి.వి.రాజును 2023లో పద్మశ్రీ వరించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో రాష్ట్ర శకటంపై కొలువుతీరినవి కూడా ఈ బొమ్మలే.

మెరుపుతోనే చిక్కు

అంకుడు కర్రను లేత్ మిషనుపై తిప్పుతూ రంగు లక్కను అదిమి పట్టుకుంటే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. దానితో బొమ్మకు అద్దంలాంటి నునుపు వస్తుంది. ఫ్లాష్ వేసి ఫొటో తీస్తే ఆ నునుపుమీద తెల్లని మచ్చ పడి, కింది రంగు, గీతలు కనబడకుండా పోతాయి. ఎర్రటి ఎండలో తీసినా అదే తంతు.

ఇందుకు ఖర్చులేని ఉపాయం ఉన్నది. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన బల్ల వేసి, కిటికీకి పలుచని తెల్ల పంచె కట్టాలి. వెలుతురు మెత్తబడుతుంది. తెల్ల చార్టు కాగితాన్ని గోడనుండి బల్లమీదికి మడత పడకుండా వంచి పరిచి, దానిపై బొమ్మను ఉంచాలి. కిటికీకి ఎదుటి పక్కన మరో తెల్ల అట్టను నిలబెడితే నీడ పలుచబడుతుంది. గదిలోని బల్బులు ఆర్పివేయాలి. పగటి వెలుగులో బల్బు వెలుగు కలిస్తే తెలుపు పచ్చగా కనిపిస్తుంది.

జానెడు దూరం

చిన్న వస్తువు కదా అని ఫోనును బొమ్మకు ఆనించినంత దగ్గరగా పెట్టడం చాలామంది చేసే పొరపాటు. బెత్తెడు దూరంలోని వస్తువు చాలా ఫోన్లలో మసకబారుతుంది. పైగా ముందు భాగం ఉబ్బి, గుండ్రని మూత వంకరగా కనిపిస్తుంది. జానెడు వెనక్కు జరిగి, జూమ్‌ను రెండింతలకు పెంచి తీయడం మేలు. అంతకు మించి పెంచితే బొమ్మ గరుకుగా వస్తుంది.

ముందుగా లెన్సును నూలుగుడ్డతో తుడవాలి. ఫోనును ఇటుకకు ఆనించి, టైమరును రెండు సెకన్లకు పెడితే చేతి వణుకు ఉండదు. తెరపై బొమ్మ కన్ను ఉన్నచోట వేలితో తాకితే ఫోకస్ అక్కడ కుదురుతుంది. ఒక ఫొటోలో పక్కన రూపాయి బిళ్ళ ఉంచితే కొనేవారికి బొమ్మ పరిమాణం తెలుస్తుంది.

రంగు మారితే నష్టం

పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలవంటి వాటినుండి తీసే రంగులు నిండుగా, శాంతంగా ఉంటాయి. ఫోనులోని ఫిల్టరుతో వాటిని మిరుమిట్లు గొలిపేలా మార్చితే అవి రసాయన రంగులలాగే కనిపిస్తాయి. ఏ రంగుల కోసం కొనేవారు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తారో ఆ తేడాయే చెరిగిపోతుంది. పార్సెల్ విప్పి చూసినవారు రంగు వేరుగా ఉన్నదని తిప్పి పంపితే, రానుపోను ఖర్చు తయారీదారు నెత్తినే పడే ప్రమాదమున్నది. అందువలన ఫొటోను పంపేముందు బొమ్మను ఫోను పక్కన పెట్టి రెంటినీ సరిపోల్చుకోవడం మంచిది. అతుకో, గీతో ఉంటే దానిని కూడా ఒక ఫొటోలో చూపాలి. ఒకసారి నమ్మినవారే మళ్ళీ కొంటారు.