అర్థములేని పాట

1565లో తళ్లికోట యుద్ధమునకు బిమ్మట రాయల రాజధానియైన పెనుగొండకు తెనాలి రామకృష్ణుని కథలు పరాయివి కావు. ‘తిలకాష్ఠమహిషబంధన’ మను గ్రంథము పేరు విని పరదేశపండితుడు రాత్రికి రాత్రియే పాఱిపోయెనట. మూట విప్పిన నేమున్నది? నువ్వుకట్టెలును, ఎనుమును గట్టు త్రాడును! గుట్టు తెలిసినంతనే యా నవ్వు తీఱిపోవును.

కాళ్లగజ్జె పాట యట్లు గాదు. హిందూపురమున నైనను, ధర్మవరపు మగ్గపుటింట నైనను, పిల్లలు వరుసగా కాళ్లు చాచి కూర్చుందురు. అవ్వ పాడుచు, మాటకొక కాలు తట్టుచు బోవును. పాట ముగిసిన కాలు ముడుచుకొనవలెను. అందు గజ్జికి మందు దాగియున్నదని కొంద ఱందురు. ఉండిన నుండుగాక! మాకు మందుకంటె నందలి న్యాయము ముద్దు. ఆ మాటల పొందికకు నర్థము లేదు గనుక నది యెవరినిగుఱించియు గాదు. పెద్దన్నకును కడగొట్టు చెల్లెలికిని నొకటే లెక్క. మాటలు రాని బిడ్డకు సైతము లయ పట్టుబడును.

వంగదేశమున సుకుమార్ రాయ్ గారి ‘ఆబోల్ తాబోల్’ 1923లో వెలువడినది. బిడ్డలు నేటికిని చదువుచునే యున్నారు. మనలో గొందఱు తల్లులో, అర్థములేని పాట లేల యని మానిపించి యెక్కములు వల్లెవేయించుచున్నారు. సోదరీమణులారా, ఈ సాయంకాల మొక్కసారి పిల్లలచే గాళ్లు చాపించి చూడుడు. పాట ముగియగనే ‘మఱల’ యనని బిడ్డను మేమింకను జూడలేదు.