నెల్లూరు చేరేలోపే

ఉదయగిరి నుంచి నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచి అందులో సగానికి కాస్త ఎక్కువ. కృష్ణపట్నం ఓడరేవుకు పోయే 67వ నంబరు జాతీయ రహదారి ఆత్మకూరు మీదుగానే వెళ్తుంది. లారీలకూ టిప్పర్లకూ బైకులకూ అదే దారి. బైకును ఏ బండి గుద్దినా ముందు నలిగేది కాలే. మోకాలి కింద పెద్దెముకకు ముందువైపు కండ ఉండదు, చర్మమే. విరిగిన మొన దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. తొడ ఎముక విరిగితే పైకి చుక్క నెత్తురు కనపడకపోయినా లోలోపల లీటరుకు పైగా పోవచ్చు.

చుట్టూ మూగినవాళ్లు "నెల్లూరికి తీసుకుపోండి" అంటారు. పెద్ద ఆపరేషన్ అక్కడే కాబట్టి ఆ మాట నిజమే. కానీ ఎముక బయటపడ్డ గాయానికి యాంటీబయాటిక్ సూది గంటలోపే పడాలి. నెల్లూరు చేరి, చీటీ రాయించి, ఎక్స్‌రే తీయించేసరికి ఆ గంట ఎప్పుడో దాటిపోతుంది. అందుకే ఆ సూదీ, టీటీ ఇంజెక్షనూ ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో వేయించుకునే కదలాలి. కొద్ది నిమిషాల పని. ఎముకకు చీము పట్టి ఏళ్ల తరబడి కారే ముప్పు దాంతో బాగా తగ్గుతుంది.

అంతకన్నా ముందు చేయాల్సింది రోడ్డు మీదే ఉంది. 108కు ఫోన్ చేసి, బండి వచ్చేలోపు గాయం మీద శుభ్రమైన తువ్వాలు కప్పాలి. బయటికొచ్చిన ఎముకను లోపలికి నెట్టకూడదు. తొడ నుంచి మడమ దాకా రెండు పక్కలా చెక్కలు పెట్టి, గాయానికి పైనా కిందా కదలకుండా కట్టాలి. చెక్కలు దొరక్కపోతే మందపాటి అట్టలైనా చాలు. తర్వాత ఆ కాలి బొటనవేలి గోరు నొక్కి వదలాలి. తెల్లబడ్డ గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబారాలి. ఎర్రబారకపోతే నెత్తురు కిందికి దిగడం లేదని అర్థం. ఆ మాట అంబులెన్సు సిబ్బందికి మొదటే చెప్పాలి.

ఇక విరిగిన ఎముకకు నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టు. తరతరాలుగా మన జిల్లా జనం నమ్మినది, ఆ నమ్మకాన్ని తక్కువ చేయలేను. అయితే చర్మం చిరిగిన కాలికి, చితికిన పిక్కకు బిగుతు కట్టు ఏదైనా ప్రమాదమే, అది ఎవరు కట్టినా సరే. వాపు లోపలే పెరిగి నరాలనూ రక్తనాళాలనూ నొక్కేస్తుంది. వేలు కదిపితేనే ప్రాణం పోయేంత నొప్పి, తర్వాత తిమ్మిరి. ఆరేడు గంటలు దాటితే కండ చచ్చిపోతుంది. కాలు తీసేయాల్సిన గతి కొందరికి పట్టేది ఇక్కడే.

ఆసుపత్రిలో మొదట గాయాన్ని సెలైన్‌తో కడిగి చచ్చిన కండ తీసేస్తారు. గాయం శుభ్రంగా ఉంటే లోపల రాడ్డు వేస్తారు, లేదంటే బయటి నుంచి ఇనుప చట్రం బిగిస్తారు. ఎముక ముక్కే పోయినవాళ్లకు సైబీరియాలోని కుర్గాన్‌లో గావ్రీల్ ఇలిజారోవ్ రూపొందించిన రింగులు దిక్కు. రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరుపుతూ పోతే ఆ ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది. నెలల కొద్దీ ఓపిక కావాలి. బీడీ, సిగరెట్ తాగితే ఎముక అతుక్కోవడం ఇంకా ఆలస్యమవుతుంది.

కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం లక్షన్నర రూపాయల వరకు, ఏడు రోజులకే. ఇలాంటి కాలికి ఏడు రోజులంటే మొదటి ఆపరేషన్ మాత్రమే. తర్వాతి ఆపరేషన్లు, ఫిజియోథెరపీ, చంకకర్రలతో ఇంట్లో కూర్చున్న నెలల కూలి ఎవరిస్తారు? ఈ గడువు పెంచాలి.

సాయం చేస్తే పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం వద్దు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ మీకు రక్షణ. దుత్తలూరు, వింజమూరు, సంగం, ఆత్మకూరు రోడ్ల మీద ఆటో తోలేవాళ్లు, పంచరు షాపులవాళ్లు, టీ కొట్టువాళ్లు చెక్క కట్టడం ఒక్కపూట నేర్చుకోండి. ఆసుపత్రులవాళ్లు ముందుకొచ్చి నేర్పండి.