స్వంత యంత్రముతో చదువు

పూర్వము వీధిబడికి పోవు బాలుడు తాటియాకులను, గంటమును ఇంటినుండియే తీసికొనిపోవుచుండెను. పిదప పలకయు బలపమును వచ్చినవి. నేడు ల్యాప్‌టాపును, ట్యాబును వానికి తోడైనవి. బడిలోని కంప్యూటరు పలువురిది. వంతు వచ్చువఱకు వేచియుండవలెను. స్వంత యంత్రమున్నచో తరగతిలో ఆరంభించిన పనిని ఇంటివద్ద పూర్తిచేయవచ్చును.

అయినను ఇందొక చిక్కు గలదు. కొనగలవాడే తెచ్చును. మన తీరమున ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, 61 దినములు, మరపడవలతో వేటాడుట నిషిద్ధము. ఆ దినములు గడచుసరికి మత్స్యకారుల యిండ్లలో పుస్తకములు కొనుటయే కష్టము. ల్యాప్‌టాపు మాట చెప్పనేల?

2022 డిసెంబరు 21వ తేదీన బాపట్ల జిల్లా యెడ్లపల్లిలో, ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీని రాష్ట్రప్రభుత్వము ఆరంభించెను. పాఠములు ముందే వానిలో నిక్షిప్తములగుటచే, ఇంటర్నెట్టు అందనిచోటను చదువుటకు వీలయ్యెను.

దీనివలన మనము గ్రహింపదగినది యొకటి: యంత్రమును తెమ్మనుటకు ముందు లేనివానికి దారి చూపవలెను. గ్రంథాలయము పుస్తకములను ఎరువిచ్చునట్లు పాఠశాలయు కొన్ని యంత్రములను ఎరువీయవలెను. ఒక యంత్రమునొద్ద ఇద్దఱు కూర్చుండినపుడు, తెచ్చినవాడే కాక రెండవవాడును వంతుచొప్పున పనిచేయవలెను. ఊరక చూచుచుండువానికి విద్య అలవడదు గదా.